సెనార్మోంటైటా, వాలెంటినైటా? ఆంటిమొనీ ఆక్సైడ్ ఖనిజాన్ని ఇంటి బల్ల మీద తేల్చుకునే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి రాళ్లు సేకరించేవాళ్లు, డిగ్రీలో జియాలజీ చదివే పిల్లలు నన్ను తరచూ రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. మొదటిది: "మార్పిడిలో ఒక చిన్న నమూనా వచ్చింది, డబ్బా మీద ఆంటిమొనీ ఆక్సైడ్ అని మాత్రమే రాసుంది, దాని అసలు పేరు ఎలా తెలుసుకోవాలి?" రెండోది: "సైదాపురం వైపు పాత అభ్రకం గుట్టల్లో బరువైన తెల్లరాయి దొరికింది, ఇది అదేనా?"

రెండో ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. దాదాపు కచ్చితంగా కాదు. సెనార్మోంటైట్, వాలెంటినైట్ లాంటి ఆంటిమొనీ ఆక్సైడ్ ఖనిజాలు స్టిబ్నైట్ అనే ఆంటిమొనీ సల్ఫైడ్ గాలి, నీరు తగిలి మారిపోయిన చోట పుడతాయి. మన దేశంలో స్టిబ్నైట్‌కు పేరున్న చోటు హిమాచల్‌లోని బారా షిగ్రీ హిమానీనదం ప్రాంతం. మన అభ్రకం గనులు పెగ్మటైట్ అనే పెద్ద పెద్ద స్ఫటికాల అగ్నిశిలల్లో ఉన్నాయి. అక్కడ పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, కాకిబంగారం, అక్కడక్కడ బెరిల్ దొరుకుతాయి. తెల్లగా, బరువుగా ఉన్నంత మాత్రాన ఆంటిమొనీ కాదు.

మొదటి ప్రశ్నకు జవాబు పెద్దది. ఇక్కడ వరుస ముఖ్యం. రాయికి నష్టం చేయని పరీక్షలు ముందు, గీకేవి చివర. వరుస తప్పితే, పేరు తెలిసే సరికి చూపించడానికి స్ఫటికమే మిగలదు.

1. ముందు జాగ్రత్త

మన దగ్గర రాయి దొరికితే నాలుకతో తడిపి చూసే అలవాటు చాలామందికి ఉంది. ఈ రాళ్ల దగ్గర ఆ పని అస్సలు చేయకండి. ఆంటిమొనీ విషపదార్థం. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. అచ్చం సెనార్మోంటైట్‌లాగే కనిపించే ఆర్సెనోలైట్ అనే ఖనిజం ఆర్సెనిక్ ఆక్సైడ్, అంటే పాషాణం.

పొడి పీల్చడమూ మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో త్రిసంయోజక (సంయోజకత 3 ఉన్న) ఆంటిమొనీని 2ఎ వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటిలో చేర్చింది. మన ఖనిజంలో ఉన్నది ఆ ఆంటిమొనీయే.

చేయకూడనివి:

- నూరడం, సుత్తితో కొట్టడం.
- వేడి చేయడం. పొగ ప్రమాదం. పైగా ఎక్కువ వేడికి సెనార్మోంటైట్ వాలెంటినైట్‌గా మారిపోతుంది. తేల్చుకోవాల్సిన విషయమే చెరిగిపోతుంది.
- ఇంట్లో యాసిడ్ పోయడం. యాసిడ్, జింక్ లాంటి లోహం, ఆంటిమొనీ మూడూ కలిస్తే స్టిబీన్ అనే విషవాయువు పుడుతుంది.
- వంటగదిలో, అన్నం తినే బల్ల మీద ఈ పని పెట్టుకోవడం.
- చిన్నపిల్లలు చుట్టూ ఉండగా డబ్బా తెరవడం.

2. బల్ల మీద ఉండాల్సినవి

- పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్ (కంసాలులు కంటికి పెట్టుకునేది)
- 0.01 గ్రాము వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తూకం
- తేలికైన ప్లాస్టిక్ గ్లాసు, కాచి చల్లార్చిన నీళ్లు
- సన్నని నైలాన్ గాలపు దారం
- రాతి పలక. మార్కాపురం పలక ఇంట్లో ఉంటే అదే తీయండి
- నునుపు లేని టైల్ ముక్క (టైల్ వెనక వైపు పనికొస్తుంది)
- మొనదేలిన రాగి తీగ, మేకు
- పోలరాయిడ్ ఫిల్మ్ (కాంతిని ఒకే దిశలో కంపించేలా వడకట్టేది) ముక్కలు రెండు
- చేతి తొడుగులు, మాస్కు, తడి టిష్యూ
- నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకుంటామంటే వద్దంటాను, తొడుగులతో ఫోన్ ముట్టుకుంటే ఆ పొడి మొహానికి చేరుతుంది.

కాచిన నీళ్లు ఎందుకంటే, కుళాయి నీళ్లలో కరిగి ఉన్న గాలి కాసేపటికి బుడగలై రాయికి అంటుకుంటుంది. ఆ బుడగలే లెక్కను పాడుచేస్తాయి.

3. ముందు మన రాళ్లతో సాధన

అరుదైన నమూనా మీద మొదటి ప్రయోగం చేయకండి. మూడు రాళ్లు తెచ్చుకోండి: గూడూరు వైపు ఎక్కడైనా దొరికే పలుగురాయి, చీమకుర్తి నల్ల గ్రానైట్ చెక్క, పొరుగునే ఉన్న మంగంపేట నుంచి వచ్చే ముగ్గురాయి, అంటే బెరైట్.

ఈ మూడింటికీ కింద 5వ మెట్టులో చెప్పిన పద్ధతిలో సాంద్రత కట్టండి. పలుగురాయికి 2.65, చీమకుర్తి రాయికి 3కి కాస్త అటూ ఇటూ, మంచి ముగ్గురాయికి 4.5 దగ్గర రావాలి. పలుగురాయికి 2.6 నుంచి 2.7 మధ్య వరసగా మూడుసార్లు వచ్చేదాకా ముందుకు వెళ్లొద్దు.

ఇంకొక సాధన పటికతో. గోరువెచ్చని నీటిలో కరిగినంత పటిక కరిగించి, వడకట్టి, కదపకుండా నాలుగైదు రోజులు ఉంచండి. అడుగున చిన్న స్ఫటికాలు ఏర్పడతాయి. రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు, ఎనిమిది త్రిభుజ ముఖాలతో ఉంటాయి. అదే అష్టముఖి. సెనార్మోంటైట్ సహజ ఆకారమూ అదే. కొన్ని అంచులు మొద్దుబారి, కొన్ని ముఖాలు పెద్దవై, సగం రాతిలో కూరుకుపోయి ఉన్నా ఆ ఆకారాన్ని కన్ను పట్టుకోవాలంటే, ఇలా ఇరవై ముప్ఫై పటిక స్ఫటికాలను తిప్పి తిప్పి చూసి ఉండాలి. పుస్తకంలో బొమ్మ చూస్తే రాదు.

4. మొదటి పరీక్ష: ముట్టుకోకుండా చూడటం

ఉదయం పూట కిటికీ పక్కన కూర్చోండి. ట్యూబ్‌లైట్ కింద మెరుపు సరిగా తెలియదు.

లూప్‌ను కంటికి ఆనించి, రాయిని దగ్గరకు తెచ్చుకోండి. చాలామంది లూప్‌ను రాయి దగ్గర పెట్టి తాము దూరంగా నిలబడతారు. అలా చూస్తే ఏమీ కనబడదు.

చూడాల్సినవి ఇవి:

- ఆకారం: ఎనిమిది ముఖాలవా, లేక పొడుగాటి పలుచని పట్టకాలా? అష్టముఖి అయితే సెనార్మోంటైట్ వైపు మొగ్గు. విసనకర్రలా, నక్షత్రంలా విచ్చుకున్న పట్టకాలైతే వాలెంటినైట్ వైపు.
- మెరుపు: సెనార్మోంటైట్‌ది గుగ్గిలం మెరుపు. వాలెంటినైట్ వజ్రంలా మెరిసి, చీలిన ముఖం మీద ముత్యంలా కనబడుతుంది.
- విరిగిన చోటు: నున్నగా, సమంగా చీలితే వాలెంటినైట్. ఎగుడుదిగుడుగా విరిగితే సెనార్మోంటైట్.
- రంగు: రెండూ రంగులేనివి, తెల్లవి, బూడిదవే. దీంతో ఏదీ తేలదు. రాసుకుని వదిలేయండి.
- చుట్టూ ఏముంది: సీసపు బూడిద రంగులో పొడుగాటి కడ్డీలుంటే అది స్టిబ్నైట్. పసుపు పొడి పూత ఉంటే సెర్వాంటైట్ (ఇంకొక ఆంటిమొనీ ఆక్సైడ్) లాంటిది. చెర్రీ ఎరుపు సూదులుంటే కెర్మెసైట్ (ఆంటిమొనీతో గంధకం, ఆక్సిజన్ రెండూ ఉన్నది).

ఈ చివరి అంశాన్ని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. నా దృష్టిలో స్ఫటికం కంటే దాని ఇరుగుపొరుగే ఎక్కువ చెబుతుంది. పక్కన స్టిబ్నైట్ ఆనవాలు కూడా లేని నమూనాను నేను వెంటనే నమ్మను.

ఇక్కడ ఒక నష్టం చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక నమూనా మీద పసుపు పొడి మురికి అనుకుని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేశాను. స్టిబ్నైట్ ఆకారం చెడకుండా దాని చోట్లోనే పెరిగిన సెర్వాంటైట్ అది. అరనిమిషంలో పోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. పరీక్షలన్నీ అయ్యేదాకా ఏ పూతనూ తుడవకండి.

పారదర్శకమైన స్ఫటికం ఉంటే, రెండు పోలరాయిడ్ ముక్కలను అడ్డంగా తిప్పి, అంటే రెండూ కలిసి నల్లగా అయ్యేలా పెట్టి, వాటి మధ్య స్ఫటికాన్ని ఉంచి కింద నుంచి వెలుతురు పంపండి. ఘన వ్యవస్థకు (పొడవు, వెడల్పు, ఎత్తు దిశలు మూడూ సమానంగా ఉండే స్ఫటిక కట్టడానికి) చెందిన ఖనిజం తిప్పినా నల్లగానే ఉండాలి. వాలెంటినైట్ తిప్పేకొద్దీ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. సెనార్మోంటైట్ దగ్గర ఒక చిక్కు ఉంది. సూత్రం ప్రకారం నల్లగా ఉండాల్సింది కూడా తరచూ మచ్చలు మచ్చలుగా, మసకగా వెలుగుతుంది. దాన్ని చూసి "ఇది ఘనం కాదు" అని కొట్టేయకండి. మొత్తం స్ఫటికం ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరితేనే అనుమానించండి.

5. సాంద్రత: ఇంట్లో చేయగల అన్నిటికన్నా గట్టి పరీక్ష

ఖనిజం విడిగా ఉండాలి. రాతికి అంటుకుని ఉంటే ఈ లెక్క పనికిరాదు. ఎందుకో కింద చెబుతాను. పొడిపొడిగా ఉన్న పసుపు పూతలను నీటిలో ముంచొద్దు.

- మొదట: పొడి రాయిని తూచి రాసుకోండి.
- రెండు: గ్లాసులో నీళ్లు పోసి తూకం మీద పెట్టి, సున్నా చేయండి.
- మూడు: రాయిని గాలపు దారంతో కట్టి, నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకూ గోడకూ తగలకూడదు. చేయి వణుకుతుంది కాబట్టి దారాన్ని పక్కన ఒక పుల్లకు కట్టండి.
- నాలుగు: బుడగలు కనిపిస్తే తీసి, ఒక చుక్క సబ్బునీళ్లు కలిపి, తూకాన్ని మళ్లీ సున్నా చేసి ముంచండి.
- ఐదు: ఇప్పుడు తూకం చూపేది రాయి తొలగించిన నీటి బరువు. పొడి బరువును దీంతో భాగించండి.

ఉదాహరణకు పొడి బరువు 11.00 గ్రాములు, నీటిలో తూకం 2.00 చూపితే సాంద్రత 5.5. సెనార్మోంటైట్‌కు రావాల్సింది ఇదే. వాలెంటినైట్‌కు 5.76. సెర్వాంటైట్ ఇంకా బరువు, సుమారు 6.5. స్టిబ్నైట్ 4.6.

ఇక్కడే తొందరపాటు పనికిరాదు. పై ఉదాహరణలో తూకం 0.05 తప్పిందనుకోండి, జవాబు 5.37 నుంచి 5.64 దాకా ఎక్కడైనా రావచ్చు. అదే పరిమాణంలో వాలెంటినైట్ ముక్కకు 5.62 నుంచి 5.91 దాకా వస్తుంది. అంచులు కలిసిపోతున్నాయి కదా. రాయి పరిమాణం అర ఘన సెంటీమీటరే అయితే అదే తప్పుతో సెనార్మోంటైట్ 5.0 నుంచి 6.1 దాకా ఏదైనా చూపగలదు. కాబట్టి చిన్న ముక్క మీద సాంద్రత కట్టి "5.7 వచ్చింది, వాలెంటినైట్" అని రాయడం తప్పు. ఈ పరీక్ష పని, పలుగురాయినీ ముగ్గురాయినీ పక్కకు తప్పించడం. ఆ పని అద్భుతంగా చేస్తుంది. అన్నదమ్ముల మధ్య తీర్పు చెప్పడం దాని వల్ల కాదు.

రాతి ముక్క అంటుకుని ఉంటే ఏమవుతుందో చూడండి. పరిమాణంలో సగం సెనార్మోంటైట్, సగం పలుగురాయి అయితే 5.5, 2.65ల సగటు, అంటే దాదాపు 4.1 వస్తుంది. అది చూసి మచ్చలున్న ముగ్గురాయి అనుకుని మంచి నమూనాను పక్కన పడేస్తారు.

6. గీటు, కాఠిన్యం: చివర్లో, వెనక వైపు

తొడుగులు, మాస్కు వేసుకోండి. గీకే చోటును ఒక నీటిచుక్కతో తడపండి, పొడి ఎగరదు. ముఖం మీద కాదు, ఎవరూ చూడని వెనక వైపు.

గీటు పరీక్షకు, అంటే రాయి పొడి రంగు చూడటానికి, అందరూ తెల్ల టైల్ వాడతారు. తెల్లటి పొడి తెల్లటి టైల్ మీద ఎలా కనబడుతుంది? "గీటు రాలేదు" అని రాసేస్తారు. నల్ల పలక మీద గీయండి. తెల్లని గీత స్పష్టంగా పడుతుంది. పక్కన స్టిబ్నైట్ ఉంటే దాన్ని మాత్రం తెల్ల టైల్ మీద గీయండి, సీసపు బూడిద గీత వస్తుంది.

పలకతో ఒక మోసం ఉంది. పలుగురాయితో గీసినా పలక మీద తెల్లగీత పడుతుంది. అది రాయి పొడి కాదు, పలకే గీరుకుపోయింది. తడి టిష్యూతో తుడవండి. తుడిస్తే పోయేది ఖనిజం పొడి. పలక మీద గాడి మిగిలితే మీ రాయి గట్టిది, ఇక సెనార్మోంటైట్ అనే మాటే లేదు.

కాఠిన్యం మోస్ కొలతలో (1 అతి మెత్తన, 10 అతి గట్టి) సెనార్మోంటైట్‌కు 2 నుంచి 2.5, వాలెంటినైట్‌కు 2.5 నుంచి 3. రాగి తీగ మొనకు రెండూ గీత పడతాయి. గోరుతో చేసే పరీక్ష ఈ రాళ్లకు వద్దు. మేకుతో కూడా గీత పడకపోతే ఫెల్డ్‌స్పార్, పలుగురాయి లాంటివని అనుకోండి.

సెర్వాంటైట్ దగ్గర జాగ్రత్త. దాని అసలు కాఠిన్యం 4 నుంచి 5. కానీ పొడి పూతగా ఉంటుంది కాబట్టి ముట్టుకుంటేనే రాలుతుంది. రాలడం వేరు, గీత పడటం వేరు.

పని అయ్యాక తడి టిష్యూతో పలక తుడిచి, టిష్యూను కవర్లో కట్టి పడేయండి. చేతులు సబ్బుతో రెండుసార్లు కడగండి.

7. పోలికతో మోసగించేవి

- ఆర్సెనోలైట్: అదే అష్టముఖి, అదే తెలుపు. కానీ సాంద్రత 3.9 లోపే, కాఠిన్యం 1.5. అనుమానం వస్తే వెంటనే డబ్బాలో పెట్టి మూసేయండి, ఇంకే పరీక్షా వద్దు.
- పటిక: నీటిలో కరిగిపోతుంది, సాంద్రత 1.8 కూడా దాటదు.
- ఫ్లోరైట్: అష్టముఖిగా చీల్చి అమ్ముతారు. సాంద్రత 3.2, కాఠిన్యం 4.
- ముగ్గురాయి: 4.5. మెత్తగానే ఉంటుంది, కానీ పలకల్లా చీలుతుంది.
- సెరుసైట్: సీసం కార్బొనేట్. సాంద్రత 6.5, వజ్రపు మెరుపు. ఇంట్లో దీన్ని వాలెంటినైట్ నుంచి విడదీయడం కష్టం. పక్కన స్టిబ్నైట్ బదులు గలీనా (సీసం సల్ఫైడ్) ఘనాలు ఉంటే ఇదే అనుకోండి.
- షీలైట్: టంగ్‌స్టన్ ఖనిజం. 6 దగ్గర సాంద్రత. పొట్టి తరంగాల అతినీల కాంతిలో నీలితెలుపుగా వెలుగుతుంది.

బజారులో సుర్మా రాయి పేరుతో అమ్మే నల్లటి మెరిసే ముక్కను స్టిబ్నైట్ అనుకుని పోల్చడానికి తెచ్చుకుంటుంటారు. చాలాసార్లు అది గలీనా. గలీనా చిన్న చిన్న ఘనాలుగా చీలుతుంది, సాంద్రత 7.5. స్టిబ్నైట్ పొడుగాటి కడ్డీలుగా ఉంటుంది.

8. వర్గీకరణ: ఏ అరలో పెట్టాలి

పిల్లలు పరీక్షలో ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. లోహం పేరు చూసి ఆంటిమొనీ ఖనిజాలన్నీ ఒక గుంపులో వేస్తారు. ఖనిజశాస్త్రం లోహాన్ని ముందు చూడదు. దానితో జతకట్టిన మూలకాన్ని చూస్తుంది.

మొదటి ప్రశ్న: జతకట్టింది ఏది? గంధకమైతే సల్ఫైడ్, స్ట్రుంజ్ పద్ధతిలో (రసాయనం, కట్టడాన్ని బట్టి ఖనిజాలకు సంఖ్యలిచ్చే వర్గీకరణలో) 2వ తరగతి. స్టిబ్నైట్ అక్కడికి పోతుంది. ఒక్క ఆక్సిజనే అయితే ఆక్సైడ్, 4వ తరగతి. కెర్మెసైట్‌లో రెండూ ఉన్నాయి. దాన్ని సల్ఫైడ్ల తరగతిలోనే ఉంచారు, 2.ఎఫ్‌డి.05. ఆక్సైడ్ అని రాస్తే తప్పు.

రెండో ప్రశ్న: లోహం, ఆక్సిజన్ నిష్పత్తి ఎంత? సెనార్మోంటైట్ సూత్రంలో రెండు ఆంటిమొనీ, మూడు ఆక్సిజన్. ఆంటిమొనీ పరమాణు భారం 121.76, రెండింటికి 243.52. ఆక్సిజన్ 48 కలిపితే 291.52. అంటే బరువులో 83.5 శాతం ఆంటిమొనీయే. నిష్పత్తి 2:3 కాబట్టి 4.సి. హెమటైట్, కొరండం కూడా ఈ నిష్పత్తి వల్లే అదే అరలో ఉన్నాయి. సెర్వాంటైట్‌లో ఒక ఆంటిమొనీకి రెండు ఆక్సిజన్లు, అందులో సగం ఆంటిమొనీ త్రిసంయోజకం, సగం పంచసంయోజకం. అది 4.డి లోకి వెళ్తుంది.

మూడో ప్రశ్న: లోపలి కట్టడం ఎలాంటిది? సెనార్మోంటైట్, వాలెంటినైట్ రెండింటి రసాయన సూత్రం ఒకటే. సెనార్మోంటైట్‌లో నాలుగు ఆంటిమొనీ, ఆరు ఆక్సిజన్ పరమాణువులు కలిసి ఒక చిన్న గూడులా కట్టుకుంటాయి. ఆ గూళ్లు అన్ని దిక్కులా ఒకేలా పేర్చుకుంటాయి. అందుకే ఘన వ్యవస్థ, అందుకే అష్టముఖి. వాలెంటినైట్‌లో అవే పరమాణువులు గొలుసులుగా సాగుతాయి. గొలుసుల మధ్య పట్టు తక్కువ కాబట్టి అక్కడ నున్నగా చీలుతుంది. అది ఆర్థోరాంబిక్ వ్యవస్థ, అంటే మూడు దిశల కొలతలూ వేర్వేరు. 4వ మెట్టులో లూప్‌తో చూసిన చీలిక తేడాకు మూలం ఇదే.

అందువల్ల సెనార్మోంటైట్ 4.సిబి.50, అదే కట్టడం ఉన్న ఆర్సెనోలైట్ పక్కన. వాలెంటినైట్ 4.సిబి.55.

పాత మ్యూజియం లేబుళ్ల మీద ఆంటిమొనీ ఆక్సైడ్‌కు స్టిబికొనైట్ అనే పేరు విరివిగా కనబడుతుంది. 2010లో పైరోక్లోర్ అనే ఆక్సైడ్ ఖనిజాల కుటుంబం పేర్లు సవరించాక ఆ పేరు నిలబడలేదు. కొత్త లేబుల్‌కు దాన్ని ఎత్తి రాయకండి.

మన పెగ్మటైట్లలో కొలంబైట్, టాంటలైట్ (నియోబియం, టాంటలం ఖనిజాలు) ఉన్నాయి కాబట్టి స్టిబియోటాంటలైట్ గురించి కూడా అడుగుతుంటారు. అందులో ఆంటిమొనీ, టాంటలం, ఆక్సిజన్ ఉంటాయి. దాన్ని మొదట గుర్తించింది పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్‌బుషెస్‌లో. కాఠిన్యం 5 దాటుతుంది, సాంద్రత 7 పైన. పైన చెప్పిన మెత్తని తెల్ల ఖనిజాలతో దాన్ని కలపొద్దు.

9. ల్యాబ్‌కు పంపేటప్పుడు ఏం అడగాలి

"ఎక్స్‌ఆర్ఎఫ్ చేయించాను, ఆంటిమొనీ వచ్చింది, సెనార్మోంటైట్ అని తేలింది" అంటుంటారు. తేలలేదు. ఎక్స్‌ఆర్ఎఫ్ అంటే ఎక్స్‌రేలతో రాయిలోని మూలకాలను గుర్తించే పరీక్ష. చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్ఎఫ్ యంత్రం ఆక్సిజన్‌ను చూడలేదు. చూడగలిగినా రెండు ఖనిజాల సూత్రం ఒకటే కదా. కట్టడాన్ని చూసే పరీక్ష కావాలి.

- ముందు రామన్ (లేజర్ కాంతితో కట్టడాన్ని గుర్తించే పరీక్ష) అడగండి. నమూనాను పొడి చేయనక్కర్లేదు. రిపోర్టు గ్రాఫులో సెనార్మోంటైట్‌కు ముఖ్యమైన శిఖరం 254 cm⁻¹ దగ్గర, వాలెంటినైట్‌కు 140, 294 దగ్గర వస్తాయి.
- రామన్ లేకపోతే ఎక్స్‌ఆర్‌డి (ఎక్స్‌రేలు ఏ కోణాల్లో వంగుతాయో చూసి కట్టడాన్ని తేల్చేది). దీనికి కొద్దిగా పొడి కావాలి. రాగి ఎక్స్‌రే గొట్టంతో తీస్తే సెనార్మోంటైట్ బలమైన శిఖరం 27.7 డిగ్రీల దగ్గర, వాలెంటినైట్‌ది 28.4 దగ్గర పడుతుంది.
- ఆంటిమొనీ లేదా ఆర్సెనిక్ ఉండొచ్చని ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో రాయండి. నూరే మనిషికి అది తెలియాలి.

ఒకే నమూనాలో రెండూ కలిసి ఉండటం మామూలే. ఏ చోటు నుంచి పరీక్షించారో ఫొటో మీద చుక్క పెట్టి ఇవ్వమని అడగండి.

10. లేబుల్, నిల్వ

ఎంతవరకు తేలిందో అంతవరకే రాయండి. ఆకారం, సాంద్రత చూసి ఆగితే "ఆంటిమొనీ ఆక్సైడ్, అష్టముఖి, బహుశా సెనార్మోంటైట్". రామన్ అయ్యాక "బహుశా" కొట్టేసి, పరీక్ష పేరు, తేదీ రాయండి. పాత లేబుల్ పడేయకుండా కిందే ఉంచండి.

లేబుల్ మీద ఉండాల్సినవి:

- పేరు, రసాయన సూత్రం, స్ట్రుంజ్ సంఖ్య
- ఎక్కడ దొరికింది. తెలియకపోతే "స్థలం తెలియదు" అని. ఊహించి ఊరి పేరు వేయొద్దు
- ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చింది
- పక్కనున్న ఖనిజాలు
- చేసిన పరీక్షలు, వచ్చిన అంకెలు
- "విషం, ముట్టుకున్నాక చేతులు కడగాలి"

మూత గట్టిగా పట్టే పారదర్శకమైన డబ్బాలో, అడుగున స్పాంజి వేసి పెట్టండి. దూది వద్దు, వాలెంటినైట్ పట్టకాలు దాని పోగుల్లో చిక్కుకుని విరుగుతాయి. డబ్బాను పిల్లలకు అందని అరలో ఉంచి, తూకానికి వాడిన ప్లాస్టిక్ గ్లాసు మీద మార్కర్‌తో "తాగొద్దు" అని రాసి దాని పక్కనే పెట్టండి.